ఇంట్లో పెద్దవాళ్ళకి "నేనింకా కావలసిన మనిషినే" అనిపించాలంటే ఏం చేయాలి?

"అమ్మకి ఏ లోటూ లేదండీ. టైముకి తిండి, మందులు, విడిగా గది, టీవీ, నెలకోసారి చెకప్. అయినా ఎప్పుడూ ముభావంగానే ఉంటుంది. ఏమన్నా అడిగితే 'నాదేముందిలే, నా రోజులు అయిపోయాయి' అంటుంది. ఇంకేం చేయమంటారు?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. ఒకరి ఇంట్లో అమ్మ, ఇంకొకరి ఇంట్లో మామగారు. ఒకరిది హైదరాబాద్ ఫ్లాటు, ఇంకొకరిది తెనాలిలో సొంతిల్లు. అడిగేవాళ్ళందరూ పెద్దవాళ్ళంటే నిజంగా ప్రేమున్నవాళ్ళే. అందుకే ఒకసారి వరసగా, పూర్తిగా రాస్తున్నాను.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, అమ్మకి మీరింకా ఏం చేయాలా అని వెతకడం ఆపి, మీకు అమ్మ వల్ల ఏ పని అవుతోందో చూడండి. ఏమీ అవకపోతే మిగతావి ఎన్ని అమర్చినా ఆ వెలితి తీరదు.

మోరిస్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1981లో, క్లెయిర్ మెకల్లోతో కలిసి రాసిన వ్యాసంలో ఈ విషయాన్ని మూడు ప్రశ్నలుగా విడదీశాడు. నన్ను వీళ్ళు గమనిస్తున్నారా? నా మంచిచెడ్డలు వీళ్ళకి పడతాయా? వీళ్ళు దేనికైనా నా మీద ఆధారపడుతున్నారా? ఆయన రాసింది టీనేజీ పిల్లల గురించి. కానీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి అది అచ్చంగా సరిపోతుంది. మొదటి రెండూ మనం బాగానే చేస్తాం. మూడోది మాత్రం "మీకెందుకు శ్రమ, హాయిగా కూర్చోండి" అంటూ మన చేతులతోనే తీసేస్తాం. ఇంతకు మించి థియరీ అక్కర్లేదు.

ముందుగా కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్. అది మీ కోసం, వాళ్ళకి చూపించడానికి కాదు.
- కనీసం ఆరు వారాల సమయం. పండక్కి ఊరెళ్ళిన నాలుగు రోజుల్లో అయ్యే పని కాదిది.
- ఇంట్లో అందరి ఒప్పుదల. మీ భార్య లేదా భర్త, పిల్లలు, వంటమనిషి, పనిమనిషి అందరికీ విషయం తెలియాలి. మీరొక్కరే చేస్తే మిగతావాళ్ళు తెలియక చెడగొడతారు.
- పని మీ పద్ధతిలో జరగకపోయినా, గంట ఆలస్యమైనా ఊరుకోగలిగే ఓపిక. అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. రెండు వారాలకు మించి తిండి తగ్గిపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్రపట్టకపోవడం, స్నానానికి కూడా విసుక్కోవడం, ఉన్నట్టుండి తన వస్తువులు అందరికీ పంచేయడం, "నేను పోతే మీకు హాయి" అని పదేపదే అనడం కనిపిస్తే ఈ గైడు పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అది డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బి12 లోపం కావచ్చు, వాడుతున్న మందుల ప్రభావం కావచ్చు. "పెద్దవాళ్ళు అలాగే అంటారులే" అని కొట్టిపారేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ 14567 కూడా ఉంది.

1. వారం రోజులు ఏమీ మార్చకుండా గమనించండి

రోజూ రాత్రి నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయండి.

- ఈ రోజు వాళ్ళని ఎవరైనా ఏదైనా అడిగారా? (తిన్నావా, మందేసుకున్నావా అనేవి లెక్కలోకి రావు.)
- వాళ్ళు చేయబోయిన పనిని ఎవరైనా చేతిలోంచి తీసుకున్నారా?
- వాళ్ళు అన్న మాట వల్ల ఏదైనా మారిందా? కనీసం కూర ఏం వండాలన్నదైనా?

రెండో ప్రశ్న దగ్గర జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే అది మర్యాద రూపంలో జరుగుతుంది. అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీద్దామని పళ్ళెం ముందేసుకుని కూర్చుంటారు. పదికాయలు అయ్యేసరికి వంటామె వచ్చి "మీకెందుకమ్మా, నేను చేసుకుంటాగా" అని పళ్ళెం పట్టుకుపోతుంది. ఎవరూ తప్పుగా ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం చేతులు దులుపుకుని గదిలోకి వెళ్ళిపోతారు. ఇలాంటివి వారంలో ఎన్ని జరుగుతున్నాయో రాసుకుంటేగానీ మనకి తెలియదు.

మీరు వేరే ఊళ్ళోనో వేరే దేశంలోనో ఉంటే ఈ వారం మీ ఫోన్ కాల్స్ గురించే రాసుకోండి. ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం చెప్పారు.

2. చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి

ఈ మెట్టు దాటేసి ముందుకెళితే తర్వాత చేసేవన్నీ వృథా. వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది సన్నటి శబ్దాలు. గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. మనవల గొంతులు, ఫోన్‌లో గొంతులు మరీ కష్టం. భోజనాల దగ్గర ఫ్యాను, టీవీ, నలుగురూ ఒకేసారి మాట్లాడటం కలిస్తే వాళ్ళకి ఒక్క ముక్క అందదు. రెండుమూడుసార్లు "ఏంటీ?" అని అడిగి, "ఏం లేదులే" అనిపించుకుని, ఆ తర్వాత అడగడమే మానేస్తారు. అప్పుడు మనం "ఆయనకి దేనిమీదా ఆసక్తి లేదు" అనుకుంటాం.

ఇంట్లోనే చిన్న పరీక్ష: వాళ్ళకి మీ ముఖం కనబడకుండా వెనక నిలబడి, మామూలు గొంతుతో "రేపు పాలవాడికి పదిహేడు వందలివ్వాలి" లాంటి మాట ఒకటి అనండి. ఎంత ఇవ్వాలన్నానని అడగండి. అంకె తప్పు చెబితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర గులిమి ఉందేమో చూపించి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. ఇంట్లో సరిగ్గా చెప్పినా, బయట తడబడుతుంటే చేయించడమే మంచిది.

వినికిడి మిషను కొన్న రోజే బాగుంటుందని ఆశించకండి. అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, సెట్టింగు మార్పించడానికి మళ్ళీ వెళ్ళాల్సి వస్తుంది. ఆ ఓపిక లేక డ్రాయర్లో పడేసినవి చాలా ఇళ్ళలో ఉంటాయి. ఖర్చు భరించలేని పేద కుటుంబాల్లో వృద్ధులకి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్లు, కళ్ళజోళ్ళు, చేతికర్రలు క్యాంపుల్లో ఇస్తుంటారు. కంటి శుక్లాలు, వంటింట్లో చాలని వెలుతురు, ఫోన్‌లో చిన్న అక్షరాలు కూడా ఇప్పుడే సరిచేయండి.

3. అడగండి. "నీకేం కావాలి" అని మాత్రం అడగొద్దు

ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఒకటే: "నాకేం కావాలి నాన్నా, మీరు బాగుంటే చాలు." అక్కడితో మాట ఆగిపోతుంది. వీటితో మొదలుపెట్టి చూడండి.

- ఇదివరకు నువ్వు చేసే పనుల్లో ఇప్పుడు మేం చేయనివ్వనిది ఏది?
- మేం ఏదో చేస్తుంటే "అలా కాదు" అని నీకు నోటిదాకా వచ్చి ఊరుకుంటావే, అది దేని గురించి?
- ఊళ్ళో ఉన్నప్పుడు నీ దగ్గరికి ఎవరెవరు, దేనికోసం వచ్చేవాళ్ళు?

మూడో ప్రశ్న అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఒకావిడ దగ్గరికి బాలింత పథ్యం అడగడానికి వచ్చేవాళ్ళు. ఒకాయన దగ్గరికి దస్తావేజు చదివించుకోవడానికి, అన్నదమ్ముల తగువు తీర్చడానికి వచ్చేవాళ్ళు. ఇంకొకాయన మోటారు శబ్దం విని రోగమేంటో చెప్పేవాడు. ఆ మనిషి ఫ్లాటుకి వచ్చాక ఆయన గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. ఆ తెలివి ఇంకా అక్కడే ఉంది, అడిగేవాళ్ళే పోయారు.

ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూలా అడగొద్దు. కూర తరుగుతూనో, బండి మీద బ్యాంకుకి తీసుకెళుతూనో ఒక్కో ప్రశ్నా వేయండి. నాన్నలు ముఖం చూడకుండా పక్కపక్కన ఉన్నప్పుడే ఎక్కువ మాట్లాడతారు.

4. ఒక నిజమైన పని ఎంచుకోండి

ఒక్కటి చాలు. దానికి నాలుగు లక్షణాలుండాలి.

- వాళ్ళు చేయకపోతే అది ఆగిపోవాలి.
- దానికోసం ఎదురుచూసే మనిషి ఒకరుండాలి.
- అందులో తుది మాట వాళ్ళదై ఉండాలి.
- వాళ్ళ ఒంటికి తట్టుకునేది కావాలి.

తోటమాలి ఉన్న ఇంట్లో "మొక్కలకి నీళ్ళు పోయండి" అనడం, చదివేసిన పేపర్లు సర్దమనడం లాంటివి మొదటి పరీక్షలోనే పోతాయి. అవి కాలక్షేపం కోసం ఇచ్చినవని పెద్దవాళ్ళకి రెండో రోజే తెలిసిపోతుంది, ఇంకా చిన్నబుచ్చుకుంటారు. పెళ్ళి మాటల్లో నడుమ కూర్చోబెట్టి, అన్నీ ముందే తేల్చేసుకుని "పెద్దవారు, మీరు సరే అనండి" అనడం కూడా అంతే. అది ఉత్సవ విగ్రహాన్ని చేయడం.

నిజమైన పని ఎలా ఉంటుందో చెబుతాను. వేసవిలో ఆవకాయ తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ పాతిక కాయల ముక్కలు కలపలేదు, కలపనక్కర్లేదు కూడా. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కాయ పులుపు చూసి సరే అనేది ఆమె. ప్రతి ముక్కకీ టెంక ఉందా, జీడి తీశారా, తడి లేకుండా తుడిచారా అన్నది ఆమె చూడాలి. చేతులు మీవి. మూడో రోజు జాడీ మూత తీసి, అడుగునుంచి తిరగకలిపి, కాస్త ఊట వేలికి రాసుకుని నాలిక చివర పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి "ఇంకో గిద్దెడు ఉప్పు పడుతుంది" అంటుంది చూశారా, ఆ నిర్ణయం మీకు యూట్యూబులో దొరకదు. బీపీ ఉంటే రుచి చూడటం వరకే, అన్నంలో కలుపుకోవడం డాక్టరు చెప్పినంత వరకే.

పొలం ఉన్న ఇళ్ళలో నాన్నకి ఇవ్వగలిగిన పని ఇంకా పెద్దది. ఆయన్ని సిటీకి తెచ్చుకున్నాక కౌలుదారుతో ఫోన్లు కొడుకు చేతిలోకి వస్తాయి. ఆ ఫోను తిరిగి ఆయనకివ్వండి, కౌలు మాట ఆయనదే అని కౌలుదారుకి కూడా చెప్పండి. పైగా ఏ సర్వే నంబరులో ఎంత, హద్దురాళ్ళు ఎక్కడెక్కడ, ఏ గట్టు మీద ఎవరితో పేచీ, ఏ చెక్క ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారు, ఇవన్నీ ఆయన తలలో ఉన్నాయి. మీకు పాస్‌పుస్తకంలో ఉన్న అంకెలు తప్ప ఏమీ తెలియవు. ఒక లాంగ్‌బుక్ కొని ఆయన చేత గీయించి, రాయించండి. చేయి వణికితే ఆయన చెబుతుంటే మీరు రాయండి. ఒకసారి పొలానికి ఆయన్నే తీసుకెళ్ళి సరిచూసుకోండి. ఈ పని ఆయన చేయకపోతే ఇంకెవరూ చేయలేరు, అది ఆయనకీ తెలుసు.

ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళకి ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఫోన్ నుంచే ఇచ్చే వీలుంది. ఇది చేతకాక బ్యాంకు లైన్లలో నిలబడే తోటివాళ్ళు మీ అపార్ట్‌మెంటులోనే ఉండొచ్చు. మీ నాన్నకి ఒకసారి ఓపికగా నేర్పించి, మిగతావాళ్ళకి ఆయన్ని చేసిపెట్టమనండి. ఓటీపీలు, ఆధార్ నంబర్లు ఎక్కడా రాసుకోకూడదని, ఎవరి ఫోన్‌తో వాళ్ళకే చేయాలని ముందే చెప్పండి.

పిల్లల పెంపకం గురించి హెచ్చరిక. "మా అమ్మకి చేతినిండా పనే, మనవణ్ణి ఆవిడే చూసుకుంటుంది" అని కొందరు అంటారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా రెండేళ్ళ పిల్లాడి వెంట పరిగెత్తించి, వాడికి ఏం తినిపించాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో మాత్రం చార్టు రాసి ఫ్రిజ్ మీద అంటిస్తే అది జీతం లేని ఉద్యోగం. మూడో లక్షణం, తుది మాట, అక్కడ లేదు. పురుడు పోయడానికి అమెరికా వెళ్ళి ఆరేసి నెలలు ఉండే అమ్మల విషయంలో ఇది మరీ ఎక్కువ. అక్కడ బయటికి వెళ్ళాలన్నా కారు నడిపేవాళ్ళు కావాలి, మాట్లాడటానికి పక్కింటివాళ్ళు ఉండరు. వారానికి ఒకటిన్నర రోజైనా పూర్తి సెలవు ఇవ్వండి. "నావల్ల కాదు" అనే హక్కు వాళ్ళకుందని నోరు తెరిచి చెప్పండి. కాదనలేని పని ఎంత ముఖ్యమైనదైనా మనిషికి గౌరవం ఇవ్వదు.

5. అప్పగించేటప్పుడు మాట జాగ్రత్త

ఈ రెండూ చదవండి.

"అత్తయ్యా, మీకు బోరు కొడుతోంది కదా, ఈసారి ఆవకాయ పెడతారా?"

"అత్తయ్యా, ఈసారి ఆవకాయ మీరు దగ్గరుండకపోతే కుదరదు. నాకు ఉప్పు పాళ్ళు తెలియవు. ఆదివారం కాయలు తెస్తాం. ఎన్ని తేవాలో, ఏ రకమో చెప్పండి."

మొదటిదాంట్లో సాయం పొందుతున్నది అత్తగారు. రెండోదాంట్లో మీరు. రెండోది అబద్ధం కాకూడదు. మీకు నిజంగా రాని పనే అడగండి. వచ్చిన పనిని రానట్టు నటిస్తే పట్టేస్తారు.

అప్పగించాక చేయకూడనివి:

- వెనక నుంచి సరిచేయడం. ఆవిడ మడతపెట్టిన బట్టల్ని ఆవిడ గదిలోకి వెళ్ళాక మళ్ళీ మడతపెట్టడం, ఆయన తెచ్చిన కూరగాయల్ని పనిమనిషికిచ్చి వేరేవి తెప్పించడం. అన్ని తప్పుల్లో ఇదే ఎక్కువ నొప్పిస్తుంది, ఎప్పటికైనా తెలిసిపోతుంది.
- గంటగంటకీ "అయిందా?" అని అడగడం.
- చిన్నపిల్లల్ని మెచ్చుకున్నట్టు "వావ్, సూపర్ అమ్మా!" అనడం.

పొరపాటు జరిగితే దాచకుండా చెప్పండి. "ఉప్పెక్కువైంది అత్తయ్యా, ఇప్పుడేం చేద్దాం?" అనండి. ఇంకో నాలుగు కాయల ముక్కలు కలపమని ఆవిడే చెబుతారు. తప్పు చెబితే బాధపడతారని దాచేవాళ్ళు, ఆ మనిషిని లెక్కలోంచి తీసేస్తున్నారు.

6. ఏమైందో తిరిగి చెప్పండి

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. సలహా అడుగుతారు, తర్వాత ఏమైందో చెప్పరు. "నువ్వు చెప్పినట్టు కౌలు ధాన్యం లెక్కన మాట్లాడాను, ఒప్పుకున్నాడు" అని చెప్పండి. సలహా పాటించకపోతే అది కూడా చెప్పండి: "నువ్వన్నది ఆలోచించాను నాన్నా, కానీ ఈ కారణంతో ఇలా చేశాను." పాటించకపోయినా లెక్కలోకి తీసుకున్నారని తెలుస్తుంది. పెట్టిన పచ్చడి ఎవరింటికి వెళ్ళిందో, వాళ్ళేమన్నారో, వీలైతే వాళ్ళచేతే ఫోన్ చేయించండి. మీరు పదిసార్లు పొగిడినదానికన్నా బయటివాళ్ళ ఒక్క ఫోన్ ఎక్కువ.

7. దూరంగా ఉంటే ఫోన్ కాల్ మార్చండి

అమెరికా తూర్పు తీరానికీ మనకీ కాలాన్నిబట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటల తేడా. పిల్లలు అక్కడ పొద్దున ఆఫీసుకెళ్ళే హడావిడిలో, పెద్దవాళ్ళు ఇక్కడ సాయంత్రం వేళ, కాల్ ఇలా సాగుతుంది: తిన్నారా, తిన్నాం. మందులు? వేసుకున్నాం. బీపీ ఎంత? ఇంత. సరే ఉంటాను. ఇది హాజరు తీసుకోవడం.

వారంలో కనీసం రెండు కాల్స్‌లో ఈ మూడూ ఉండేలా చూడండి.

- మీకు నిజంగా జవాబు కావలసిన ఒక ప్రశ్న. "చిన్నదానికి పొడిదగ్గు, మాకు చిన్నప్పుడు ఏం చేసేదానివి?" "గృహప్రవేశానికి ఎవరెవర్ని పిలవకపోతే తప్పవుతుంది?"
- కిందటిసారి అడిగినదాని ఫలితం.
- మీ కష్టం ఒకటి.

మూడోదానికి చాలామంది వెనకాడతారు. "వాళ్ళకి చెప్పి టెన్షన్ పెట్టడం ఎందుకు?" అంటారు. అన్నీ దాస్తే రెండు జరుగుతాయి. మీ జీవితంలో వాళ్ళకి చోటు లేదని వాళ్ళకి అర్థమవుతుంది. దాచిన సంగతి ఏ పెళ్ళిలోనో బంధువుల నోట వింటారు, ఆ అవమానం మర్చిపోలేరు. బాసుతో గొడవ, పిల్లాడి మార్కులు, నిద్రపట్టకపోవడం లాంటివి చెప్పండి. వాళ్ళు తట్టుకోలేని పెద్ద విషయమైతే, ఎవరైనా పక్కనున్నప్పుడు చెప్పండి.

బీపీ, షుగరు లెక్కలు వాట్సాప్‌లో రాసి పంపమంటే కాల్‌లో ఆ టైము మిగులుతుంది.

8. డబ్బు, శుభకార్యాలు

పెన్షన్ ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టేసుకోకండి. మోసాల భయం ఉంటే ఖాతాలో కొంతే ఉంచి మిగతాది డిపాజిట్ చేయించండి, అదీ వాళ్ళతో మాట్లాడి. మనవరాలి పుట్టినరోజుకి ఐదొందల నోటు ఇస్తే "ఎందుకు తాతయ్యా" అని వెనక్కివ్వొద్దు. దానితో ఏం కొన్నదో మనవరాలే చెప్పాలి.

భర్త పోయిన అమ్మని శుభకార్యాల్లో వెనక్కి నెట్టే ఆచారం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. పెంచి పెద్దచేసిన పిల్ల పెళ్ళిలో ఆవిడ గుమ్మం పక్కన నిలబడి చూస్తుంది. ఎవరూ ఏమీ అనకపోయినా ఆవిడే తప్పుకుంటుంది. దీన్ని ఆ రోజు పీటల మీద తేల్చలేరు. నెల ముందే పురోహితుడితో, వియ్యాలవారితో మాట్లాడండి. పేరు శుభలేఖలో ఉండాలి, మొదటి అక్షింతలు ఆవిడ చేతివి పడాలి అని ఇంటివాళ్ళుగా మీరే గట్టిగా చెప్పండి. "నాకెందుకులే" అని ఆవిడ అనేది ఇతరులు ఏమంటారో అన్న భయంతో. మీరు పక్కన నిలబడి చేయి పట్టుకుని తీసుకెళ్ళండి. అప్పటికీ ఆవిడ మనసు ఒప్పకపోతే బలవంతం వద్దు.

9. ఇంటి బయట ఒక్క మనిషైనా ఉండాలి

ఇంట్లోవాళ్ళకి మాత్రమే కావలసినవాళ్ళైతే, పిల్లలు పెద్దై వెళ్ళిపోగానే మళ్ళీ మొదటికొస్తుంది. పెన్షనర్ల సంఘం, వాకింగ్ పార్కు, గుళ్ళో పారాయణ, లైబ్రరీ, అపార్ట్‌మెంట్ కమిటీ, పనిమనిషి పిల్లలకి లెక్కలు చెప్పడం, ఏదైనా సరే. పరీక్ష ఒక్కటే: ఒక రోజు వెళ్ళకపోతే "ఏమండీ రాలేదు?" అని అడిగేవాళ్ళు ఉన్నారా? లేకపోతే అది ఇంకో కాలక్షేపం.

వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళి తెచ్చే బాధ్యత మొదటి నెల మీదే. ఆటో ఎక్కడానికి భయపడి మానేసేవాళ్ళు ఎక్కువ.

10. ఆరు వారాలకి సరిచూసుకోండి

"ఇప్పుడు బాగుందా?" అని అడగొద్దు. బాగుందనే అంటారు. ఇవి చూడండి.

- వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసి "ఆ పని ఏమైంది?" అని అడుగుతున్నారా?
- "ఈ వేళ నాకు ఖాళీ లేదు" అన్నారా?
- మీతో వాదిస్తున్నారా? అన్నిటికీ "మీ ఇష్టం" అనే మనిషి "అలా కుదరదు" అన్నారంటే అది మంచి గుర్తు. కోపం తెచ్చుకోకండి.
- నోట్‌బుక్‌లో మొదటివారం రాసిన మూడు ప్రశ్నలే మళ్ళీ వారం రాసి పోల్చండి.

చివరగా ఒక ప్రశ్న వేయండి: "నువ్వు పది రోజులు ఊళ్ళో లేకపోతే ఇక్కడ ఏ పని ఆగిపోతుంది?" ఒక్కటైనా ఠక్కున చెబితే సరైన దారిలో ఉన్నట్టే. "నేను లేకపోతే ఏం ఆగుతుంది" అంటే మీరిచ్చిన పని నిజమైనది కాదు. నాలుగో మెట్టుకి వెళ్ళి ఇంకొకటి వెతకండి. సరిపడే పని మొదటిసారే దొరకడం అరుదు.

పని పూర్తయ్యేది అయితే, పొలం పుస్తకంలా, అది ముగియకముందే తర్వాతది ఏమిటో ఆలోచించి పెట్టుకోండి.

ఇలాంటి పరిస్థితుల్లో

*మతిమరుపు జబ్బు ఉంటే:* తుది నిర్ణయాలు, డబ్బు, గ్యాస్ స్టవ్ వద్దు. చేతులకి అలవాటైన పనిలో ఒక ముక్క ఇవ్వండి: కరివేపాకు దూయడం, వత్తులు చేయడం, గుడ్డలు మడతపెట్టడం. చేసిన వత్తినే ఆ సాయంత్రం దీపంలో వాళ్ళ ఎదుట వెలిగించండి. ఎంత బాగా చేశారన్నది ముఖ్యం కాదు.

*మంచం మీద ఉంటే:* అమెరికాలో కనెక్టికట్‌లోని ఒక వృద్ధాశ్రమంలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఫలితాలు 1976లో వచ్చాయి. వాళ్ళు ఒక అంతస్తువాళ్ళకి తలా ఒక మొక్క ఇచ్చి మీరే పెంచాలన్నారు. ఇంకో అంతస్తువాళ్ళకి మొక్కలిచ్చి నర్సులు చూసుకుంటారన్నారు. చిన్నచిన్న విషయాల్లో ఎంపిక కూడా మొదటివాళ్ళకే వదిలారు. కొన్ని వారాలకి ఆ మొదటి అంతస్తువాళ్ళే ఎక్కువ చురుగ్గా కనిపించారు. మంచం మీద మనిషికి కూడా ఏదో ఒకటి ఉంటుంది. పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, రోజు మెనూ చెప్పడం, బంధువుల పెళ్ళిరోజులు గుర్తుచేసి ఫోన్ కలపమనడం.

*వంటింటి కోసం అత్తాకోడళ్ళకి పడకపోతే:* పని పంచొద్దు, వేళలు పంచండి. పొద్దుటి టిఫిన్, కాఫీ ఆవిడ రాజ్యం, మిగతాది మీది. ఒకరి వేళలో ఇంకొకరు డబ్బాలు కూడా సర్దకూడదు. కొడుకు ఇందులో తీర్పరిగా ఉండకుండా, వేళ దాటినవాళ్ళకి గుర్తుచేస్తే చాలు.

*వృద్ధాశ్రమంలో ఉంటే:* వెళ్ళినప్పుడల్లా పళ్ళు, స్వీట్లు ఇచ్చి రావడంతో ఆపకండి. ఒక ప్రశ్న, ఒక కాగితం పని, కుట్టాల్సిన గుండీ, ఏదో ఒకటి తీసుకెళ్ళి వాళ్ళకిచ్చి, మళ్ళీ వచ్చేసరికి కావాలని చెప్పి రండి. చెప్పిన రోజుకి వెళ్ళి తీసుకోండి.

*"నాకేం వద్దు, ప్రశాంతంగా ఉండనివ్వండి" అంటే:* నలభై ఏళ్ళు చాకిరీ చేసినవాళ్ళు నిజంగానే విశ్రాంతి కోరుకోవచ్చు. తింటూ, నిద్రపోతూ, నలుగురితో నవ్వుతూ ఉంటే వాళ్ళ మాట నమ్మండి. పని అడగడం ఆపి, సలహా అడగడం మాత్రం కొనసాగించండి. రెండు నెలలాగి ఇంకొక పని మళ్ళీ అడిగి చూడండి.